గుండెకణంలో రెండు తావులు

గోదావరిఖనిలోనో బెల్లంపల్లిలోనో గుండెనొప్పి వచ్చిన మనిషి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ బిళ్ల ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది. బిళ్లకు చిరునామా లేదు, దొరికిన నాళాన్నల్లా వదులు చేస్తుంది, తలనొప్పి అందుకే. గుండె కండర కణం మాత్రం ఇదే వాయువును తానే తయారుచేసుకుంటుంది, అదీ చోటు చూసుకొని. ఈ విషయం మీద 2002లో వచ్చిన రెండు పత్రాలు ఒకదాన్నొకటి కాదంటున్నట్టు కనిపిస్తాయి.

మొదటిది 'నేచర్'లో బరూచ్, హేర్ తదితరులు రాసినది. వాళ్ల లెక్కలో ఈ వాయువును తయారుచేసే ఎంజైముల్లో ఒకటైన ఇ-నాస్ కణం పైపొరలోని చిన్న గుంటల్లో, కేవియోలిన్-3 అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకొని ఉంటుంది. ఎన్-నాస్ అనే మరో ఎంజైమ్ లోపల, కాల్షియం నిల్వచేసే సార్కోప్లాస్మిక్ రెటిక్యులంలో ఉంటుంది. దాని తావును 1999లోనే షూ, బెకర్ బృందం చూపించింది. వాయువు పుట్టిన కాసేపటికే హరించుకుపోతుంది, కణంలోని మయోగ్లోబిన్ కూడా దాన్ని మింగేస్తుంది. కనుక పుట్టినచోటే పని. మానేరు తూము కింది మడికి కడెం నీళ్లు రావు కదా. ఇ-నాస్ లేని ఎలుకల్లో అడ్రినలిన్ తరహా మందుకు గుండె మరింత గట్టిగా కొట్టుకుంది. ఎన్-నాస్ లేనివాటిలో స్పందన తగ్గింది. అంటే ఒకటి బ్రేకు, రెండోది యాక్సిలరేటర్.

ఇంత పొందికైన కథ చదవడానికి హాయిగా ఉంటుంది. నాకు అనుమానం వచ్చేదీ అక్కడే.

అదే ఏడాది 'సర్క్యులేషన్'లో యాష్లీ, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన కసాడే బృందం ఎలుక గుండె నుంచి విడిగా తీసిన కణాలను పరీక్షించింది. ఎన్-నాస్ లేకపోతే సంకోచం తగ్గలేదు సరికదా, పెరిగింది, సడలడం నెమ్మదించింది. వీళ్ల లెక్కలో ఎన్-నాస్ కూడా బ్రేకే. కథ చెప్పాలన్న తొందర వీళ్లలో లేదు, అందుకే పత్రం పొడిగా ఉంటుంది. అయితే గిన్నెలోని కణానికి నరాల అదుపు లేదు, రక్తపు బరువు లేదు. నిమిషానికి 500 సార్లకు పైగా కొట్టుకునే ఎలుక గుండెకు, ఆ గిన్నెకు చాలా దూరం. బరూచ్ బృందం బతికున్న జంతువు దగ్గరకు వెళ్లింది. కానీ పుట్టుక నుంచీ ఎంజైమ్ లేని ఎలుకలో గుండె వేరే సర్దుబాట్లు చేసుకొని ఉండవచ్చు. ఈ లోపం రెండు పత్రాలకూ ఉంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు మామూలు కణాల్లో ఎన్-నాస్‌ను మందుతోనూ ఆపి చూశారు కాబట్టి ఎన్-నాస్ చేసే పని విషయంలో నా మొగ్గు వాళ్లవైపే.

తావు ముఖ్యమన్న వాదన మాత్రం బరూచ్ పత్రానిదే, అది నిలబడింది. 2004లో 'లాన్సెట్'లో డామీ తదితరులు విఫలమవుతున్న మనుషుల గుండెల్లో ఎన్-నాస్ పెరిగి, లోపలి నుంచి పైపొరకు, కేవియోలిన్-3 పక్కకు చేరిందని చూపారు. అదే సమయంలో ఇ-నాస్ తగ్గింది. అదే ఏడాది బెండాల్ బృందం గుండెపోటు తర్వాతి ఎలుకల్లో ఎన్-నాస్‌ను ఆపితే, మందగించిన అడ్రినలిన్ స్పందన కొంత తిరిగొచ్చింది. బరూచ్ గీసిన పటం ఆరోగ్యంగా ఉన్న గుండెది. జబ్బు గుండెలో యాక్సిలరేటర్ అన్న ఎంజైమే బ్రేకు ఉన్నచోటికి వెళ్లి బ్రేకు పని చేస్తోంది.