నాయన వెంట నల్లమలకు

ఈ ఎండా, ఈ మంద వెనక నడకా తమతోనే పోవాలనీ, బిడ్డ నీడపట్టున కూర్చుని జీతం తీసుకోవాలనీ సీమ పల్లెల్లో ఎందరు తల్లిదండ్రులు తీర్మానించుకోలేదు! ఆ తీర్మానంలో ఎంత ప్రేమ ఉందో, అది బిడ్డకు ఏమేం దూరం చేస్తుందో రెండింటినీ ఒకే గుండెతో చూసిన నవల సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. రచయితది కడప జిల్లా బాలరాజుపల్లె. ఈ నవల 2019లో తానా నవలల పోటీలో బహుమతి గెలిచింది.

గొర్రెలు కాసుకునే ఇల్లు రవిని ఇంజనీరింగు దాకా చదివించింది. పట్నంలో ఉద్యోగం దొరకలేదు. తిరిగొస్తే ఊళ్లో కరువు, మందకు గడ్డి లేదు, నీళ్లు లేవు. కాపరులు గొర్రెలను నల్లమల అడవికి తోలుకుపోతుంటే రవి కూడా నాయన వెంట బయల్దేరతాడు.

అక్కడ తలకిందులయ్యే లోకాన్ని చూడాలి! బడి ముఖం చూడని తరం అడవిలో మహా పండితులు. ఏ చెట్టు రొట్ట మందకు పడుతుందో, ఏ వాగు మలుపున ఇంకా తడి ఉంటుందో, గొర్రెలు ఉన్నట్టుండి ఎందుకు బెదిరాయో వాళ్లకు తెలుసు. అక్షరం రానివాడు రవే. కష్టం తగలకుండా పెంచిన నాయన, తనకు తెలియకుండానే ధైర్యాన్ని కూడా వాడికి అందకుండా చేశాడు. అయినా రచయిత ఆ నాయనను ఒక్కచోట కూడా బోనెక్కించడు. నాకు ఈ నవలంటే ప్రాణం ఇందుకే.

పులి భయం నవలంతా పొంచి ఉంటుంది. మన కావ్యాల్లో వీరుడు వీరుడుగానే పుడతాడు. ఇక్కడ మాత్రం భయానకమే మెల్లగా మాగి వీరమవుతుంది. వణికే కాళ్లే నిలబడడం నేర్చుకుంటాయి. నాయన ఉపదేశాలతో కాదు, పక్కన నడవడంతో. కాపరుల నోట కడప యాస ఎంత సహజంగా పలుకుతుందంటే, పుట చుట్టూ గొర్రెల వాసన వస్తుంది.

దర్శకుడు క్రిష్ 2021లో ఈ నవలను సినిమాగా తీశారు. అడవి తెర మీద అందంగానే ఉంది కానీ, కాపరుల నడకలోని ఆ నెమ్మది పుస్తకంలోనే దొరుకుతుంది.

పిల్లలను చదువుకు పంపి, ఉద్యోగం కబురు కోసం ఎదురుచూస్తున్న ఇల్లు మీదైతే ఈ నవల తెచ్చుకోండి. ముందు నాయన చదవాలి, తర్వాత బిడ్డ చేతికివ్వాలి.