ఊరంతా కలిసి వేసే బొమ్మ

ఫిలడెల్ఫియాలో గోడల మీది పిచ్చిరాతలను అరికట్టడానికి 1984లో నగరపాలన ఒక పథకం పెట్టింది. చిత్రకారిణి జేన్ గోల్డెన్ ఆ రాసే కుర్రాళ్ల చేతికే కుంచెలిచ్చింది. అదే గోడచిత్రాలు వేయించే ‘మ్యూరల్ ఆర్ట్స్’ సంస్థగా ఎదిగి నగరాన్నే బహిరంగ ప్రదర్శనశాలగా మార్చింది.

అసలు నేర్పు పని పంచడంలో ఉంది. వాడవాసులతో మాట్లాడి ఖరారు చేసిన చిత్తును పలుచని పాలియెస్టర్ గుడ్డ ముక్కలపైకి దించి, ఎక్కడ ఏ రంగో అంకెలు వేస్తారు. కుంచె పట్టడం రానివాళ్లూ, పరంజా ఎక్కలేని ముసలివాళ్లూ బల్ల మీదే రంగులు నింపవచ్చు. అంకెలు చూసి నింపడమూ కళేనా అనేవారుంటారు. గీతను అందరికీ అందేలా విడగొట్టడమే ఇక్కడి కళ. ఆ ముక్కలను అక్రిలిక్ జెల్‌తో గోడకు అతికించి, అతుకులు కనబడకుండా చిత్రకారులు సరిదిద్దుతారు. గ్రేటర్‌ఫోర్డ్ జైలు ఖైదీలు, నేరబాధితులు కలిసి వేసిన ‘హీలింగ్ వాల్స్’ చిత్రాలు ఇలాగే గోడకెక్కాయి.