దిగే మెట్ల మీద ఎక్కిన నవల

ఉపాధ్యాయవృత్తి పవిత్రమైనదని సభల్లో చెప్పడం తేలిక. పవిత్రత అనే మాట వినబడ్డాక జీతాల సంగతీ, ఒక గదిలో ఎంతమంది పిల్లల్ని కుక్కారన్న సంగతీ ఎత్తడం అమర్యాదగా తోస్తుంది. పంతుళ్ల మీద వచ్చిన కథలూ సినిమాలూ చాలావరకు ఈ సభామర్యాదనే పాటిస్తాయి: మొండి తరగతి, మంచి మేష్టారు, చివర కన్నీళ్లు, పూలదండ. ఆ మూసలో ఇమిడినట్టే కనిపిస్తూ దాన్ని సగానికి పైగా బద్దలుకొట్టిన నవల బెల్ కౌఫ్‌మన్ రాసిన ‘అప్ ది డౌన్ స్టెయిర్‌కేస్’. 1965లో వెలువడింది. రచయిత్రి న్యూయార్కు హైస్కూళ్లలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషి. యిద్దిష్ కథకుడు షోలెం అలైఖెంకు మనుమరాలు కూడాను. ఏడవవలసిన చోట నవ్వించే విద్య ఆ ఇంటిదేనేమో.

నవలలో కథ చెప్పే గొంతు దాదాపు లేదు. పైనుంచి దిగే సర్క్యులర్లు, తోటి టీచర్ల చీటీలు, సలహాల పెట్టెలో పిల్లలు వేసిన కాగితాలు, కొత్తగా చేరిన సిల్వియా బారెట్ స్నేహితురాలికి రాసుకున్న ఉత్తరాలు, ఇవే కథ నడుపుతాయి. ఇది ప్రయోగం కోసం చేసిన ప్రయోగం కాదు. టీచరు రోజు దేనికింద ఖర్చయిపోతున్నదో ఆ రూపమే చెబుతున్నది. చాసర్ కవిత్వం చదువుకొని ఆమె బడికి వచ్చింది; బడి ఆమె చేతికి ఫారాలు ఇచ్చింది. అక్కడ నర్సు వుంది, కాని గాయాన్ని ముట్టుకునే అధికారం ఆమెకు లేదు. దిగడానికి కేటాయించిన మెట్ల మీదుగా పైకి ఎక్కడం ఒక పిల్లవాడి నేరం. నవల పేరు ఆ నేరారోపణ నుంచే వచ్చింది.

ఇదంతా అమెరికా గొడవ అని పక్కన పెట్టడానికి వీల్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు పంతుళ్లకు అప్పగించరాదన్నది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఖం ఫోటోతో హాజరు వేసే యాప్ తెచ్చి, సొంత ఫోన్లలోనే వేసుకోమన్నది. ఉపాధ్యాయ సంఘాలు ఎదురుతిరిగాయి. సిల్వియా బల్లమీది కాగితాల గుట్టకు మన దగ్గర తెర వచ్చింది, అంతే.

అయితే ఈ నవల సర్క్యులర్లను వెక్కిరించి వూరుకుని వుంటే మంచి హాస్యరచన అనుకుని వదిలేసేవాళ్లం. దాని బలం బారింజర్ ఘట్టంలో వుంది. అతను సాహిత్యం చెప్పే పంతులు, అచ్చుకాని రచయిత, చమత్కారి. ఆలిస్ అనే పిల్ల, తరగతిలో నోరు విప్పనిది, అతనికి ప్రేమలేఖ రాసింది. అతను దాన్ని ఎర్రసిరాతో దిద్దాడు, కాంపోజిషను దిద్దినట్టు. ఆ పిల్ల కిటికీలోంచి దూకింది. అతను నిబంధనేదీ మీరలేదు. ఆ పిల్లను తిట్టలేదు, కొట్టలేదు. భాషాపండితుడు చేయవలసిన పనే చేశాడు. సర్క్యులరు భాష ఒక మనిషి చేతివేళ్ల దాకా ఎలా పాకుతుందో ఇంత కఠినంగా చూపిన ఘట్టం ఉపాధ్యాయ నవలల్లో అరుదు. (తప్పొప్పులు దిద్దడమే సాహిత్యబోధ అనుకునే మా కాలేజీ శాఖల్లో ఈ ఘట్టాన్ని గట్టిగా చదివి వినిపించాలి.) పంతులు ఉద్యోగంలో అసలు భయం అల్లరి పిల్లలు కాదు, ఇలా తయారుకావడం.

అదే బడిలో హోసే రోడ్రిగ్జ్ వున్నాడు. సలహాల పెట్టెలో వేసే చీటీల కింద ‘నేను’ అని మాత్రమే రాసేవాడు. తరగతిలో ఉత్తుత్తి కోర్టు జరిగినప్పుడు అతను జడ్జి అయ్యాడు, గౌను వేసుకున్నాడు, తీర్పు చెప్పాడు. ఆ తరవాత అతని చీటీ కింద పూర్తి పేరు కనబడుతుంది. పంతులు బతుకులో దొరికే ఫలితం ఇంతే. పరీక్ష పాసు శాతాల్లో దీనికి గడి లేదు. రచయిత్రి దీన్ని అతిగా పొగడకుండా, ఒక సంతకం చూపించి తప్పుకున్నది.

ఇక్కడిదాకా నవలతో పేచీ లేదు. పేచీ ఎడ్వర్డ్ విలియమ్స్ దగ్గర. అతను నల్లజాతి కుర్రవాడు. ప్రతి చీటీలోనూ, తన రంగువల్లే తనకు అన్యాయం జరుగుతున్నదంటాడు. రచయిత్రి దీన్ని ఊతపదంగా మార్చి నవ్వించింది. పాఠకుడూ నవ్వుతాడు. కాని, ఈ నవల రావడానికి ఏడాది ముందు, 1964 ఫిబ్రవరి 3న, ఆ నగరంలోనే బడుల్లోని జాతివివక్షకు నిరసనగా నాలుగు లక్షల అరవై వేల మందికి పైగా పిల్లలు బడికి వెళ్లలేదు. ఎడ్వర్డ్ ఊతపదం ఆవేళ వీధిలో నినాదమైంది. 1960లోనూ 1962లోనూ న్యూయార్కు ఉపాధ్యాయులు సమ్మెచేశారు. నవల ముగింపు మీద ఆ వీధి గాలి సోకలేదు. సుఖమైన కాలేజీ ఉద్యోగాన్ని కాదని సిల్వియా ఆ బడిలోనే వుండిపోతుంది. ఆ నిర్ణయం గొప్పదే, కాని ఒంటరిది. ఆమెను అక్కడ నిలిపింది పిల్లల మీద మమకారం. సాటి పంతుళ్లతో కలిసి గదులూ కిటికీలూ తరగతి సంఖ్యా మార్పించగలమన్న నమ్మకం కాదు. హోసేకు ఒక్క టీచరు చాలు, అతని లోటు గుర్తింపు. ఎడ్వర్డుకు ఒక్క టీచరు చాలదు. నవల ఈ తేడాను పట్టించుకోలేదు. అందుకే ఒకణ్ని ప్రేమించి మరొకణ్ని చూసి నవ్వింది.

ఈ నవలను మన విద్యార్థులతో చదివించేవాళ్లు ఎడ్వర్డ్ చీటీల దగ్గర ఒక పూట ఆగాలి. వాటి పక్కన మన సంక్షేమ హాస్టలు కుర్రవాడు వార్డెనుకు రాసిన ఫిర్యాదొకటి పెట్టి, రెంటినీ ఒకే గొంతుతో చదివి, తరగతిలో ఎవరు నవ్వుతున్నారో చూడాలి.