బండ మాట వినేవాళ్లు

ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి సింగరేణి బాయిల్లో యంత్రాలు ఎన్నో మారాయి. పైకప్పును తట్టి చూసే పని మాత్రం ఇప్పటికీ మనిషిదే. షిఫ్టులో మనుషులు పనికి దిగకముందే మైనింగ్ సర్దార్ పొడవాటి కర్రతో బండను తడతాడు. ఖంగుమంటే గట్టి బండ. డొల్లగా పలికితే లోపల పొర విడిందని గుర్తు. కప్పు చేతికందే ఎత్తులో ఉంటే రెండో చేతి వేళ్లు బండకు ఆనించి ఉంచుతాడు. చెవికి చిక్కని తేడా ఆ వేళ్లకు వణుకుగా తెలుస్తుంది.

వదులు బండను గడ్డపారతో రాల్చేటప్పుడు నిలబడే చోటులోనే సగం విద్య ఉంది. కాళ్లు ఎప్పుడూ సపోర్టు ఉన్న కప్పు కిందే ఉండాలి. వెనక్కి తప్పుకునే దారి ఖాళీగా ఉండాలి.

తర్వాత రూఫ్ బోల్టు. కప్పులోకి డ్రిల్లుతో రంధ్రం వేసి, సిమెంటు క్యాప్సూళ్లను నీళ్లలో ముంచుతారు. బుడగలు ఆగేదాకా ఓపిక పట్టాలి. తొందరపడి తీస్తే లోపల పొడి మిగిలిపోయి పట్టు చాలదు. నానిన క్యాప్సూళ్లను రంధ్రంలో పేర్చి, ఇనుప కడ్డీని దిగేసి, ప్లేటు బిగిస్తారు. విడివిడి కాగితాలను కుట్టి పుస్తకం చేసినట్టు, విడిపోదామనుకునే పొరలన్నీ ఒక్క దూలమవుతాయి. అయితే బిగించాక పనంతా బండలోనే దాగిపోతుంది, బాగా చేశారో లేదో పైకి కనిపించదు. అందుకే కొన్ని బోల్టులను యంత్రంతో లాగి పరీక్షిస్తారు. ఎవరూ చూడని చోట బుడగలు ఆగేదాకా ఆగిన ఆ చేతుల మీద నాకు ఎంతో గౌరవం.

డీపిల్లరింగ్‌లో ఈ పనితనం ఇంకో మెట్టు ఎక్కుతుంది. మొదట గ్యాలరీలు తవ్వుతూ వదిలేసిన బొగ్గు స్తంభాలను వెనక్కి వస్తూ తీస్తారు. అలా ఖాళీ అయిన చోట, అంటే గోఫ్‌లో, కప్పు కూలాలి. అక్కడ కూలకపోతేనే భయం! వేలాడే బండ బరువంతా పక్క స్తంభాల మీద పడుతుంది. పెద్ద మేర ఒక్కసారిగా కూలితే గాలి తుపానులా దూసుకొస్తుంది. కనుక గోఫ్ అంచున దుంగలతో చాక్‌లు కట్టి, వరసగా ఊతంగా ప్రాప్‌లు నిలిపి, కప్పు అక్కడిదాకానే విరిగేలా చూస్తారు. కర్ర ప్రాప్ విరిగేముందు కిర్రుమంటుంది. కప్పులో అమర్చిన టెల్‌టేల్‌కు రంగు పట్టీలుంటాయి. పొరలు జరుగుతున్న కొద్దీ అవి ఒక్కొక్కటీ మరుగవుతాయి.

పైన ఊరో వాగో ఉంటే నేల కుంగకూడదు. అక్కడ నీళ్లతో కలిపిన ఇసుకను పైపుల్లో పంపి ఖాళీని నింపుతారు. నీళ్లు తడికెల గుండా వడిసి పంపుల ద్వారా మళ్లీ పైకి చేరతాయి. ఏళ్ల తరబడి ఆ ఇసుక గోదావరిదే. ఓపెన్‌కాస్టుల్లో తవ్విపోసిన మట్టిని కడిగి తీసిన ఇసుక కూడా ఇప్పుడు వాడకంలోకి వచ్చింది. నదికి ఆ మేరకు ఊరట.

బోల్టుకీ బోల్టుకీ ఎంత ఎడం ఉండాలో సపోర్టు ప్లాన్‌లో రాసి ఉంటుంది, కానీ అది కనీసం మాత్రమే. బండ చెడ్డగా పలికితే సర్దార్ ఇంకా వేయించాలి. ప్రమాదమని తోస్తే మనుషులను వెనక్కి పంపి, ఆ చోటికి అడ్డు కట్టించాలి. ఆ రోజు టన్నులు ఎంత తగ్గినా సరే, గని నిబంధనలే అతనికి ఆ బాధ్యత అప్పగించాయి.