కామవిద్యయు చలనచిత్రమును

కామవిద్య యనగానే మన గృహములలో రెండు మాటలు వినవచ్చును. అది పాశ్చాత్యుల దుర్వ్యసనమని కొందఱందురు. మన పూర్వులకు తెలియనిది లేదని మఱికొందఱు వాత్స్యాయనుని పేరు చెప్పుదురు. అమిత్ రాయ్ దర్శకత్వమున 2023 ఆగస్టులో వెలువడిన 'ఓ మై గాడ్ 2' అను హిందీ చిత్రము రెండవ పక్షము నవలంబించి మొదటి పక్షమును జయింప బూనినది. ఆ పూనిక యెంతవఱకు నెఱవేఱెనో విచారింతము.

 శివభక్తుడగు కాంతి శరణ్ ముద్గల్ కుమారుడు పాఠశాల మరుగుదొడ్డిలో హస్తప్రయోగము చేయుచుండగా రహస్యముగా చిత్రించి లోకమునకు చూపుదురు. పాఠశాల బాలుని వెడలగొట్టును. తండ్రి తొలుత సిగ్గుచే క్రుంగినను, శివదూత ప్రేరణమున న్యాయస్థానమున కెక్కి, బాలునకు చెప్పవలసినది చెప్పని పాఠశాలయే అపరాధియని వాదించును.

చిత్రమునకు బలము దాని భాషలో నున్నది. పంకజ్ త్రిపాఠి ధరించిన తండ్రి పాత్ర శుద్ధమైన హిందీలో వాదించును. వీధిలో తిట్లుగా మాత్రమే వినబడు అవయవముల పేర్లు న్యాయాధిపతి యెదుట సంస్కృత పదములై వచ్చునప్పుడు వాని కంటిన మురికి కొంత రాలిపోవును. ప్రేక్షకుడు నవ్వుచునే వినును. నవ్వుచు వినిన మాటయందు భయము తగ్గును. ఉపన్యాసములు సాధింపజాలని కార్యమిది.

వాదపద్ధతియందు మాత్రము లోపము కలదు. దేహజ్ఞానమునకు ప్రాచీన గ్రంథముల యనుమతి కలదని చూపుట ఈ చిత్రమునకు ముఖ్యాధారము. కామసూత్రమును మూలమున చదివినవారికి ఈ యాధారము దుర్బలమని తోచును. అది ప్రధానముగా ధనమును తీరికయు గల నాగరకుని కొఱకు వ్రాయబడినది. స్త్రీ యౌవనమునకు పూర్వమే ఆ విద్య నభ్యసింపవలెనని అందుండుట మెచ్చదగినదే. కాని కన్యను మోసమున వశపఱచుకొను మార్గములును అందే కలవు. అందుండి నచ్చినది మాత్రము ఏరుకొన్నచో, ప్రమాణము మన వివేకమే గాని గ్రంథము గాదు. పూర్వులు నిషేధించి యుండిన యెడల మన పిల్లలను అజ్ఞానమున విడిచియుందుమా?

ఈ ప్రయత్నము మన దేశమున క్రొత్తది కాదు. గణితాచార్యుడగు రఘునాథ ధోండో కర్వే 1921లో బొంబాయియందు సంతాననిరోధ కేంద్రము స్థాపించి, 1927 నుండి 'సమాజ్ స్వాస్థ్య' అను మరాఠీ మాసపత్రికను నడపెను. అశ్లీలమని 1934లో అభియోగము రాగా ఆయన పక్షమున అంబేద్కరుగారు వాదించిరి. అయినను జుల్మానా తప్పలేదు. 1984లో దూరదర్శనమున 'హమ్ లోగ్' ధారావాహిక కుటుంబనియంత్రణ ప్రచారమును ఉద్దేశించి ఆరంభమయ్యెను. తెలుగున స్వాతి వారపత్రికలో డాక్టరు సమరముగారి సమాధానములు ఎన్ని యిండ్లలో దిండ్ల క్రింద దాగెనో పాఠకులెఱుగుదురు. కాని ఇవి యన్నియు పెద్దల నుద్దేశించినవి. బడిపిల్లల కొఱకేర్పడిన కౌమారవిద్యను 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ మొదలగు రాష్ట్రములు త్రోసిపుచ్చెను.

ఆ కొఱతను గూర్చి మాటలాడిన చిత్రమునకు ధ్రువీకరణ మండలి 'ఎ' పత్ర మొసగి, పదునెనిమిదేండ్లు నిండనివారికి ప్రవేశము లేకుండ జేసెను. కథలో తండ్రి వ్యాజ్యము గెలిచెను. అతని కుమారుని యీడువారు చిత్రశాల వాకిటనే నిలిచిపోయిరి. కథలోని పాఠశాల చేసిన తప్పునే మండలియు చేసినదనుట నిష్ఠురమైనను సత్యము.

తలిదండ్రులు ఈ చిత్రమును ముందు తాము చూడవలెను. పిమ్మట అందలి విషయమును కుమారులకును కుమార్తెలకును తమ మాటలలో చెప్పవలెను. అందులకు వాత్స్యాయనుని సాక్ష్యము అక్కఱలేదు. పాఠశాలలును మండలులును మనసు మార్చుకొను వఱకు పిల్లల యీడు ఆగియుండదు.