పైకప్పు ఉన్న నీళ్లు

తుంగభద్ర ఎడమ కాలువ కింద ఉన్న మా తుర్విహాళ చుట్టుపక్కల క్యాంపు ఊళ్లలో ఈత నేర్పే పద్ధతి చాలామందికి తెలిసిందే. ఎండు బెండ్లు నాలుగైదు కట్టగా చేసి పిల్లాడి వీపుకి బిగిస్తారు. నడుముకి తాడు, తాడు కొస గట్టు మీదున్న పెద్దాయన చేతిలో. కాళ్లూ చేతులూ ఆడించడం కుదిరాక ఒక బెండు తీసేస్తారు, కొన్నాళ్లాగి ఇంకోటి. ఆఖరి బెండు తీసిన సంగతి పిల్లాడికి చెప్పరు కూడా. ఆత్రపడి రెండేసి బెండ్లు ఒకేసారి తీసే తండ్రికి చీవాట్లు తప్పవు. నేను అలాగే నేర్చుకున్నాను. మా వీధి పిల్లలకీ అలాగే నేర్పుతున్నాను. మంచి పద్ధతి. కానీ ఒక్క విషయం ఇందులో రాదు: తల పైకెత్తితే గాలి బదులు రాయి తగిలినప్పుడు ఏం చెయ్యాలన్నది.

ఆ విద్య వేరు. దాని గురించి నాకు మొదట చెప్పింది మా మేనల్లుడు. ఫ్లోరిడాలో ఉద్యోగం చేస్తూ చాలాకాలంగా సముద్రంలో స్కూబా డైవింగ్ చేస్తున్నాడు. ఈమధ్య నీటి గుహల్లోకి వెళ్లే శిక్షణలో చేరాడు. ఉత్తర ఫ్లోరిడా అంతా సున్నపురాయి నేల. భూమి కింద పారే నీళ్లు రాయిని తొలిచి ఊటలుగా పైకొస్తాయి. ఏడాది పొడవునా ఆ నీళ్లు 22 డిగ్రీలకు అటూఇటూగానే ఉంటాయి, అడుగున ఇసుక రేణువు కూడా కనపడేంత తేటగా ఉంటాయి. ఎంతోమంది ప్రాణం తీసింది ఆ తేటదనమే. దారి స్పష్టంగా కనిపిస్తోంది కదా అని లోపలికి వెళ్తారు. కాలికి తొడిగిన ఫిన్ను ఒక్కసారి నేలకు తగిలితే చాలు, ఒండ్రు లేచి వెనక దారి మూసుకుపోతుంది. కొన్ని గుహల నోళ్ల దగ్గర నీటి అడుగున మృత్యువు బొమ్మతో బోర్డు పెట్టారు. శిక్షణ లేకుండా ఇక్కడి నుంచి ముందుకు వెళ్లి చనిపోయినవాళ్లలో డైవింగ్ నేర్పే గురువులు కూడా ఉన్నారని ఆ బోర్డు చెబుతుంది.

ఈ విద్యకు ఒక క్రమం తెచ్చినవాళ్లలో షెక్ ఎక్స్‌లీ పేరు ముందు చెప్పాలి. అమెరికాలో గుహ డైవర్ల సంఘం 1968లో పుట్టింది. 1979లో ఎక్స్‌లీ ఒక చిన్న పుస్తకం వేశాడు. జరిగిన ప్రమాదాలను ఒక్కొక్కటే తీసుకుని, ఎక్కడ తప్పిందో చూపి, దాన్నుంచి ఒక సూత్రం రాబట్టాడు. బయటి నీళ్ల దాకా తెగని తాడు ఉండాలి. గాలిలో మూడో వంతుకు మించి లోపలికి వెళ్లడానికి వాడకూడదు. తగని లోతుకు దిగకూడదు. తర్వాతి వాళ్లు మరో రెండు చేర్చారు: శిక్షణ ఉండాలి, మనిషికి మూడు దీపాలు ఉండాలి. పోయినవాళ్ల తప్పుల్లోంచి బతికేవాళ్లకు పాఠం రాయడానికి చాలా నిబ్బరం కావాలి. ఆ ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని సకతోన్ అనే నీటి గుండం అడుగు చూడబోయి తిరిగి రాలేదు.

శిక్షణ మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదటిది కావర్న్, అంటే గుహ ముంగిలి. బయటి పగటి వెలుగు కనిపిస్తున్నంత మేరే వెళ్లాలి. వెలుగు కనిపిస్తున్నా సరే, నీటి పైభాగం నుంచి లెక్కేసి సుమారు 60 మీటర్లు దాటకూడదంటారు. కొన్ని సంస్థలు 40 మీటర్ల దగ్గరే ఆపేస్తాయి. రెండో మెట్టులో చీకట్లోకి వెళ్లొచ్చు కానీ ప్రధాన తాడు వదలకూడదు, పక్క దారులు ముట్టుకోకూడదు. ఆ తర్వాత, గురువుకి నమ్మకం కుదిరాక, ఒక తాడు నుంచి ఇంకో తాడుకి మారడం, చుట్టుదారులు, ఒక నోట్లో దిగి ఇంకో నోట్లోంచి రావడం. కావర్న్ పాఠం మామూలుగా రెండు రోజుల్లో అయిపోతుంది. అందులో నేర్చుకున్న హద్దు పాటించడం మాత్రం రెండు రోజుల పని కాదు.

మేనల్లుడు చెప్పిన వాటిలో నా మనసుకి పట్టింది నీళ్లలో జరిగేది కాదు, కార్లు నిలిపే చోట చెట్ల మధ్య జరిగేది. మొదటి రోజు సిలిండర్లు కారులోనే ఉంటాయి. రీలు చేతికిచ్చి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి తాడు కట్టమంటారు. మొదటి ముడి గుహ బయట, పైకి నేరుగా వెళ్లగలిగే చోట వేసినట్టు వెయ్యాలి. రెండోది నోరు దాటగానే. తాడు బిగువుగా ఉండాలి, మనిషి పట్టని సందులోకి జారకూడదు. అంతా కట్టాక కళ్లు మూసుకుని ఆ తాడు వెంట వెనక్కి రమ్మంటారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి తాడు చుట్టూ ఉంగరంలా పెట్టాలి. పట్టుకుని లాగకూడదు, వదలనూ కూడదు. వెనకవాడు ముందువాడి చేతిని పట్టుకుని ఉంటాడు. మాటలుండవు, ఒత్తిడే భాష. తాడు మీద అక్కడక్కడ బాణం ఆకారపు బిళ్లలు గుచ్చి ఉంటాయి. వాటి మొన ఎప్పుడూ దగ్గరి బయటి దారి వైపే. కళ్లు లేకపోయినా వేలితో తడిమి మొన ఎటో తెలుసుకోవాలి.

"నేలమీదే రెండుసార్లు చెట్టుకి గుద్దుకున్నా మామయ్యా. అప్పుడర్థమైంది లోపల ఎలా ఉంటుందో" అన్నాడు.

ఇక గాలి లెక్క. సిలిండరులో గాలి ఒత్తిడి 210 బార్ ఉందనుకోండి. 70 వాడి లోపలికి వెళ్తారు, 140 దగ్గర వెనక్కి తిరగాలి. 70 బయటికి రావడానికి, మిగిలిన 70 జతగాడి కోసం. అతడి గాలి పూర్తిగా పోతే ఇద్దరూ ఒకరి 140 మీద బయటపడాలి, తలా 70. చుక్క మిగలదు. భయంతో ఊపిరి వేగమైతే ఆ లెక్క కూడా చాలదు. అందుకే రెండో మెట్టులో, జంట సిలిండర్లతో దిగేవాళ్లని ఆరో వంతు దగ్గరే వెనక్కి తిరగమంటారు. జతగాడికి దాచిన గాలితో ఇంకో పది మీటర్లు చూసొద్దాం అనిపించిన రోజు మనిషి ఆ విద్యకు పనికిరాడు. ఇంకో నియమం ఉంది, అది నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది. ఎవరైనా, ఎప్పుడైనా బొటనవేలు పైకెత్తి ఇక చాలు అనొచ్చు. ఎందుకని అడగరు. గురువైనా వెనుదిరగాల్సిందే.

మన దగ్గర ఇలాంటి గుహలు లేవా అని అడగొచ్చు. నంద్యాల జిల్లా బెలుం గుహల్ని చూసినవాళ్లకి పాతాళగంగ గుర్తుండే ఉంటుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ గుహల గురించి రాశాడు. 1982, 83లో గెబావర్ అనే జర్మన్ ఒక బృందంతో వచ్చి కొలిచాడు. మూడు కిలోమీటర్లు దాటిన గుహలో, అడుగుకి 46 మీటర్లు దిగాక, సన్నటి పాయ ఒకటి రాతి కిందికి దూరి మాయమవుతుంది. దాని వెనక ఏముందో చూడాలనిపించడం సహజం. అక్కడ ఎవరినీ ముందుకు పోనివ్వకపోవడం ఇంకా సహజం.

కానీ నేనిదంతా రాస్తున్నది గుహల కోసం కాదు. 1953లో తుంగభద్ర నీళ్లు వదిలాక ఈ నేల మీద ఎడమ కాలువ, దాని ఉపకాలువలు, పిల్లకాలువలు అల్లుకుపోయాయి. వాగు అడ్డొచ్చిన చోట కాలువ దాని కిందినుంచి సైఫనుగా పోతుంది, రోడ్డు అడ్డొచ్చిన చోట తూముగా. ఇవన్నీ పైకప్పు ఉన్న నీళ్లే. సైఫను నోటి దగ్గర పైనీళ్లు నెమ్మదిగా తిరుగుతున్నట్టుంటాయి, లాగుడంతా అడుగున ఉంటుంది. లోపల గొట్టం నిండా నీళ్లు, ఊపిరి తీసుకునే జాగా ఉండదు. ఇక్కడి పిల్లలు వంతెన మీదనుంచి కాలువలో దూకే ఈతగాళ్లు. ఆ ఈత వాళ్లని సైఫను నోట్లోకి తీసుకెళ్లగలదు, తిరిగి తేలేదు.

ఎవరైనా అందులో చిక్కితే ఊళ్లో మంచి ఈతగాడు ముందూవెనకా చూడకుండా దూకుతాడు. ఆ మనసుకి దండం పెట్టాలి. కానీ అలాంటి చోట్ల ధైర్యం ఒక్కటే ఎంత దూరం తీసుకెళ్తుందో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 2018లో చూశాం. నేవీ సీల్ దళాల్లో పనిచేసిన సమన్ గుణన్ గాలి సిలిండర్లు చేర్చి వస్తూ జులై 6న చనిపోయాడు. వరదకి ఆ గుహలో చిక్కుకున్న 12 మంది పిల్లల్నీ, వాళ్ల కోచ్‌నీ అంతకుముందే జులై 2న కనిపెట్టింది ఇద్దరు బ్రిటిష్ గుహ డైవర్లు, రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్. వాళ్లు దళాల మనుషులు కారు. ఒకరు రిటైరైన అగ్నిమాపక ఉద్యోగి, మరొకరు కంప్యూటర్ ఇంజనీరు. ఏళ్ల తరబడి తాడు వెంట చీకట్లో తిరిగినవాళ్లు. అక్కడ నీళ్లు తోడే పనిలో మనకు బాగా తెలిసిన కిర్లోస్కర్ కంపెనీ నిపుణులు సలహాలిచ్చారు. నీటిమట్టం దించడం, తాడు, గాలి, శిక్షణ ఉన్న మనుషులు, ఇవన్నీ కలిస్తేనే జులై 10కి అందరూ బయటికొచ్చారు. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు సైన్యం, నేవీ, సింగరేణి రెస్క్యూ సిబ్బంది అంతా వచ్చినా లోపల చిక్కిన 8 మందిలో ఒక్కరినీ ప్రాణాలతో తేలేకపోయారు. పైకప్పు కింద ఆలస్యం ఎంత ఖరీదో, ముందే ఆపడం ఎంత అవసరమో అంతకన్నా చెప్పక్కర్లేదు.

ఫ్లోరిడాలో జిన్నీ స్ప్రింగ్స్ అనే చోట ఒక గుహ ముంగిలి ఉంది. శిక్షణ లేని స్కూబా డైవర్లని కూడా అందులోకి పోనిస్తారు. కారణం, లోపలి సొరంగానికి అడ్డంగా ఇనుప చువ్వల తడిక బిగించి ఉండడమే. మన సైఫనులకీ, పెద్ద తూములకీ కావలసింది అదే. కాలువ కట్టేసే వేసవిలో నోళ్లన్నీ బయటపడతాయి. ఆ రోజుల్లో నీటిపారుదల శాఖవాళ్లు చువ్వలు బిగించాలి. చెత్త పేరుకుంటే నీళ్లు ఆగుతాయని రైతులు వాటిని పీకెయ్యకుండా కాలువ చూసుకునే లస్కర్లు వారం వారం శుభ్రం చెయ్యాలి. ఈ మాట పంచాయతీలో అడగాల్సింది మనమే. ఈత నేర్పే పెద్దలకి ఇంకో విన్నపం. ఆఖరి బెండు తీసేముందు పిల్లాణ్ణి ఎండిన సైఫను దగ్గరికి తీసుకెళ్లి నోరు చూపించండి, నీళ్లున్నప్పుడు దాని దరిదాపులకి పోకూడదని గట్టిగా చెప్పండి. ఎవరైనా చిక్కితే దూకొద్దు. 112కి ఫోన్ చెయ్యండి, వెంటనే కాలువ ఎగువ గేటు దింపించండి.