గడప మీది వేట

పిల్లి ఉన్న ఇంటిలో వేకువను తలుపు తీయువాడు ముందు నేలను చూచి, ఆ తరువాతనే అడుగు వేయుట కొలది దినములలోనే అలవఱచుకొనును. ఆ గడప మీద ఒకనాడు చిట్టెలుక, ఒకనాడు తల లేని తొండ, ఒకనాడు ఒంటిని విడిచియు ఇంకను మెలికలు తిరుగుచున్న బల్లి తోక, వానకాలమైనచో కాళ్లు చాచిన కప్ప, ఎండలు ముదురు వేళకు ఱెక్కలు పూర్తిగా రాని పికిలిపిట్ట పిల్ల కనిపించును. మా ఇల్లు కృష్ణా డెల్టాలోని ఒక పల్లెలో వరిచేలకు ఎదురుగా నున్న పెంకుటిల్లు. పెరటిలో జామ, కరివేప, గోరింట, వాని నడుమ నూయి. కావున మా రంగికి, చారల బూడిదవన్నె ఆడుపిల్లి అది, వేటకు కొఱత లేదు. "ఏమండీ, రంగి మళ్లీ ఏదో పట్టుకొచ్చింది, మీరే వచ్చి చూడండి" అని నా భార్య వంటింటి నుండి పిలువని వారము మా ఇంట అరుదు. ఆ పిలుపు తరువాత గృహస్థు చేయవలసిన పనిని గూర్చి నేడు వ్రాయుచున్నాను. చంపినందుకు పిల్లిని నిందించుట గాని, తెచ్చినదానిని కానుకయని మురియుట గాని నాకు సమ్మతము కాదు. గడప దాటి లోనికి వచ్చిన పిమ్మట ఆ ప్రాణికి జవాబుదారి ఇంటివాడేయని నేను నమ్ముదును.

చచ్చిన ఎలుకను వెలుతురులో దగ్గఱగా పరికించిన వారికి పిల్లి పనితనము బోధపడును. మెడ వెనుక బొచ్చు లాలాజలముతో తడిసి అట్టకట్టి యుండును. ఆ తడి నడుమ రెండు సన్నని గాట్లు కనిపించును. నెత్తురు ఒక బొట్టైనను లేకపోవచ్చును. మెడ ఎముకల సందున కోఱను దింపి వెన్నుపామును తెంచుటయే ఆ కాటులోని రహస్యము. ఆ కాటునకు ముందు జరుగు తతంగమును చూచియే మనవారు పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అన్నారు. సంకటమన్నది ముమ్మాటికిని నిజము. చెలగాటమని మనకు తోచుదానిలో మాత్రము పిల్లి భయమునకు పెద్ద పాలే కలదు. పందికొక్కు తిరుగబడి మూతి మీద కఱచినచో ఆ గాయము చీము పట్టి పిల్లికే ముప్పగును. కనుకనే పంజాతో కొట్టి వెనుకకు దుముకుట, విడిచి మరల పట్టుట, ఎర అలసి సొలసిన తరువాత గాని మెడకు నోరు చేర్పకుండుట. ఎర పెద్దదైనపుడును, పిల్లికి ఆకలి తక్కువైనపుడును ఈ ఆట సాగుననియు, ఆకలి మండుచున్నపుడు చంపుట త్వరగా ముగియుననియు పరిశీలకులు కనుగొన్నారు. కారణము తెలిసినంత మాత్రమున చూచుట సులభము కాదు. ఇక బ్రదుకదని తెలిసిన ఎలుకకు ఆలస్యపు చావు వలదని, రంగిని ఎత్తి గదిలో పెట్టి తలుపు వేసి, ఆ మిగిలిన పని నేనే ఒక్క దెబ్బతో ముగించిన వేళలు కలవు. అది ఇష్టమై చేయు పని కాదు. కాని ఇల్లు నాదైనప్పుడు ఆ పని మఱి యెవరిది?

వేటను ఆరుబయట తినక ఇంటికేల తెచ్చును? "మనకు వేటాడడం చేతకాదని దాని బెంగరా, పాపం" అని మా అమ్మ అనును, ఆ మాటలో ఉన్న ప్రేమను నేను కాదనను. తల్లిపిల్లి తన కూనలకు మొదట చచ్చిన ఎరను, తరువాత కొనయూపిరితో ఉన్నదానిని, ఆ పిమ్మట ప్రాణముతో ఉన్నదానిని తెచ్చి యిచ్చి, అంచెలంచెలుగా వేట నేర్పునన్నది నిశ్చయమైన విషయమే. మార్జాల కిశోర న్యాయమని తెంగలై శ్రీవైష్ణవులు శరణాగతికి దృష్టాంతముగా చెప్పునది ఈ తల్లినే. ఏ నోట కూనను మెడ పట్టి గాటు పడకుండ మోయునో ఆ నోటనే ఎలుక మెడను తెంచును, ఆ రెండు పట్లకును నడుమ నున్న తారతమ్యము దాని దవడకు తెలియును. అయినను కూనలను కనని పిల్లులును, మగపిల్లులును కూడ వేటను ఇంటికి మోసికొని వచ్చుట చూచుచునే ఉన్నాము. బయట కుక్క కలదు, కాకి కలదు, పొరుగు గండుపిల్లి కలదు. చేజిక్కినదానిని తనకు నిర్భయమైన తావునకు చేర్చుకొనుట మృగసహజము. రంగి దృష్టిలో అట్టి తావు మా వసారా. అది నాకు ఇచ్చుచున్నది కానుక కాకపోవచ్చును. ఈ యింటి మీద దానికి గల నమ్మకము మాత్రము సందేహము లేనిది, నాకు అది చాలును.

ఇంటికి వచ్చునది వేటలో ఒక భాగమేనన్న మాట ఇక్కడ మఱువరాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఏథెన్సు పట్టణములో పెంపుడు పిల్లుల మెడలకు చిన్న కెమెరాలు కట్టి చేసిన పరిశోధన 2013లో వెలువడినది. పట్టిన ఎరలలో దాదాపు నాలుగవ వంతు మాత్రమే ఇల్లు చేరినవనియు, సగము వఱకు చంపిన చోటనే పడియున్నవనియు అందు తేలినది. గడప మీద ఒక పిట్టను చూచినవాడు గోరింట పొద వెనుక మఱి కొన్నింటిని ఊహించుకొనవలెను.

ఎలుక విషయమున నాకు పిల్లితో తగవు లేదు. ధాన్యము నిలువ చేసిన చోటికి ఎలుక, ఎలుక ఉన్న చోటికి పిల్లి, ఇదియే మనకును దానికిని గల బాంధవ్యమునకు మూలము. సైప్రసు ద్వీపమున సుమారు 9500 ఏండ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చియుండుట త్రవ్వకములలో బయటపడినది. మా డెల్టాలో పందికొక్కులు వరివెన్నులను కొఱికి కన్నములలో కుప్పలుగా దాచుకొనుటయు, యానాదులు ఆ కన్నములు త్రవ్వి ఎలుకలను పట్టి ఆ గింజలను తీసికొనుటయు ఎఱుగనివారు లేరు. గాదె ఉన్న ఇంటికి పిల్లి భారము కాదు. కాని చచ్చిన ఎలుకను ఎత్తుటకు ఒక పద్ధతి కలదు. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టి దేశమున వ్యాపించినపుడు, ఇంటిలో ఎలుక పడినదన్న ఇల్లు విడిచి తోటలలో పాకలు వేసికొనిన కుటుంబముల కథలు పెద్దల నోట విన్నవారము. ఎలుక ఒంటి మీద నెత్తురు త్రాగి బ్రదుకు సన్నని దుముకు పురుగే ఆ రోగమును మోయునని 1898లో కరాచీలో సిమోం అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనినాడు. శవము చల్లబడగానే ఆ పురుగు వేఱొక వెచ్చని ఒంటిని వెదకికొనును. ఎలుక మూత్రమువలన ఎలుకజ్వరము సోకుట నేటికిని ఉన్నదే. కావున వట్టి చేతితో తోక పట్టి విసరుట తగదు. చేతికి సంచి తొడిగికొని, పాత పత్రికలో చుట్టి, పెరటి మూల జానెడు లోతుకు మించి గొయ్యి తీసి పూడ్చవలెను. రంగి ఎలుకను తల మొదలుకొని తిని జీర్ణకోశమును మాత్రము నేల మీద విడిచిపోవును. చుంచును చంపును గాని, పక్కలనున్న గ్రంథుల కంపు చేత, నోట పెట్టదు. ఆ మరకలను కడుగుటకు మన ఇండ్లలో వెంటనే తెచ్చునది ఫినాయిలు. పిల్లి ఉన్న ఇంట అది కూడదు. ఆ జాతి మందును విఱిచి వెలుపలికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ. తడినేల మీద నడచి అది పాదములను నాకికొనును. సబ్బునీటితో కడిగి, వేడినీరు పోసి, పొడిగుడ్డతో తుడిచిన చాలును.

పిట్ట విషయము వేఱు. హితోపదేశములోని మిత్రలాభమున జరద్గవమను ముసలి రాబందు కథ మనమందఱము బాల్యమున చదివినదే. కన్ను కానని ఆ రాబందు చెట్టు తొఱ్ఱలో ఉండి, పక్షులు తమ మేతలో నుండి పంచి యిచ్చినది తినుచు, వాని పిల్లలకు కాపుండును; దీర్ఘకర్ణమను పిల్లి ధర్మపన్నములు పలికి ఆ తొఱ్ఱలో చోటు సంపాదించి, దినదినము పక్షిపిల్లలను అక్కడికే తెచ్చి తిని, వెదకులాట మొదలుకాగానే జాఱుకొనును; తొఱ్ఱలో ఎముకలు చూచిన పక్షులు రాబందునే చంపును. కులశీలములు తెలియనివానికి చోటీయరాదని ఆ కథకు నీతి చెప్పుదురు. పిల్లిని పెంచుచున్న నాకు ఇప్పుడు అందు మఱియొకటి కనబడుచున్నది: ఎముకలు ఎవని తొఱ్ఱలో దొరకినవో వానినే లోకము అడుగును, అడుగుట న్యాయమే. జరద్గవమునకు కన్ను లేదు. మనకు కలదు.

పిల్లి తెచ్చి చూపుట వలననే లోకమునకు తెలిసి, తెలిసీ తెలియక మునుపే మాసిపోయిన పక్షి కూడ ఒకటి కలదు. న్యూజిలాండులోని స్టీఫెన్సు ద్వీపమున 1894లో దీపస్తంభము వెలిగినది. కావలివారితో పాటు పిల్లులును దీవికి చేరినవి. డేవిడు లయాల్ అను సహాయ కావలిదారునకు ఒక పిల్లి చిన్న చిన్న పిట్టలను తెచ్చి పెట్టుచుండగా, అవి తానెఱిగిన పిట్టలు కావని గ్రహించి, ఆ కళేబరములను అతడు పండితులకు పంపినాడు. ఎగురలేక, పొదల క్రింద ఎలుకవలె పరుగిడు ఆ పిట్టకు ఇంగ్లండులో రోత్‌షీల్డు అను పక్షిపండితుడు శాస్త్రీయనామము పెట్టి, లయాల్ పేరును అందు చేర్చినాడు. పేరు పెట్టిన కొలది కాలమునకే అది ఆ దీవిపై కనబడుట మానినది. ఒక్క పిల్లి ఒక జాతినంతను రూపుమాపినదని చెప్పుకొను కథ సరికాదనియు, అడవిపాలై పెరిగిన పెక్కు పిల్లుల పని అదియనియు తరువాతి పరిశోధకులు తేల్చినారు. ఒక పిల్లియైన నేమి, పది యైన నేమి, వానిని పడవలో ఆ దీవికి చేర్చినవాడు మనిషి. లయాల్ ఆ పిట్టలను పాఱవేయక పరికించి చూచినాడు కనుకనే అట్టి ప్రాణి యొకటి ఉండెనన్న జ్ఞానమైనను మిగిలినది. అతని యెడల నాకు గౌరవము కలదు.

మా పెరటి పికిలిపిట్ట అంతరించు జాతి కాదు. అయినను జామకొమ్మ మీద రెండు పూటలు తిరిగి అఱచు తల్లిపిట్టకు జాతి లెక్కలు చెప్పి ఊరడింపలేము. ఇక్కడ చేయదగినది కొంత కలదు. మొదటిది తిండి. శాకాహార గృహములలో పిల్లికి పాలు, పెరుగన్నము పెట్టి దయ చూపితిమనుకొనుట మన ఆచారము. పిల్లి దేహము మాంసము లేక నిలువదు. టారిన్ అను పదార్థమును అది తనలో తగినంత చేసికొనలేదు, ధాన్యములో అది దొరకదు. అది లోపించినచో చూపు పోవును, గుండె చెడును. పెరుగన్నముతో కడుపు నిండిన పిల్లి వేటకు పోవుట కేవలము అల్లరి కాదు, దాని ఒంటి అక్కఱయును కావచ్చును. ఇంగ్లండులో ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారు 2021లో ప్రకటించిన పరిశోధనలో, ధాన్యము లేక మాంసము మెండుగా గల ఆహారము పెట్టిన ఇండ్లలో పిల్లులు తెచ్చు ఎరలు 36 శాతము తగ్గినవి. దినమునకు ఐదు పది నిమిషములు ఈకను దారమునకు కట్టి ఆడించిన చోట్ల 25 శాతము తగ్గినవి. మనము ఎంతో నమ్ముకొను మెడగంట వలన చెప్పుకొనదగిన ఫలము కనబడలేదు; రంగురంగుల గుడ్డపట్టీ మెడకు చుట్టిన పిల్లులు తెచ్చిన పక్షులు మాత్రము 42 శాతము తగ్గినవి. మా ఇంట మాంసము వండరు. ఐనను రంగికి ఉడికిన చేప వేఱు పళ్లెములో, వేఱు పొయ్యి మీద, పెరటి పంచలో సిద్ధమగును, మా అమ్మ మొదట మొగము త్రిప్పుకొనినను, ఇప్పుడు "దానికి పెట్టావట్రా?" అని తానే అడుగుచున్నది. మాఘ ఫాల్గుణములు మొదలు వానలు పడువఱకు, గూళ్లలో పిల్లలున్న ఆ కాలమందు, సందె వేళను, తెల్లవాఱు వేళను దానిని ఇంటిలోనే ఉంచి తలుపులు వేయుదుము. అది కిటికీ కడ కూర్చుండి అలిగి అఱచును. అఱవనిమ్ము.

ప్రాణముతో పిట్ట దొరకినచో పిల్లిని తిట్టవలదు, వెంటబడవలదు. వెంటబడినకొలది పట్టు బిగించును. దానికి ప్రియమైన తిండి వాసన చూపి నోరు వదలించి, పిట్ట మీద మెత్తని గుడ్డ కప్పి, గాలి సోకు కన్నములు గల అట్టపెట్టెలో చీకటిగా ఉంచవలెను. నీరు నోట పోయరాదు. గాయము కనబడకున్నను పశువైద్యునికి చూపుట అవశ్యము. పిల్లి కోఱయందలి సూక్ష్మజీవులు పిట్ట నెత్తురున చేరినచో మందు పడనిచో అది ఒకటి రెండు దినములలో చచ్చును. ఎగిరిపోయినది కదా, బ్రదికినదిలే అని తృప్తిపడుట తొందరపాటు.

ఇఱుగుపొరుగు వారికి ఒక మాట చెప్పవలసి యున్నది. ఎలుకల మందు పెట్టుట మీ హక్కు, గాదె కాచుకొనుట మీ ధర్మము. కాని పెట్టిన దినముననే పిల్లి ఉన్న ఇండ్లకు చెప్పి పెట్టుడు. బ్రోమాడయొలోన్ బిళ్లలు తిన్న ఎలుక వెంటనే చావదు. నెత్తురు గడ్డకట్టు గుణము పోయి, కొన్ని దినములు తూలుచు పట్టపగలే బయట తిరుగును, అట్టిదానిని పట్టుట పిల్లికి అతిసులభము. జింకు ఫాస్ఫైడు తిన్న ఎలుక కడుపులో మిగిలిన మందునకు విఱుగుడు లేదు. పిల్లి చిగుళ్లు తెల్లబడుట, ముక్కు నుండి నెత్తురు కాఱుట, ఊపిరి ఎగబోయుట కనబడినచో ఇంటి చిట్కాలతో కాలము గడపక, మందు డబ్బా పైనున్న పేరు వ్రాసికొని వైద్యుని కడకు పోవలెను. మొదటి జాతి మందైనచో విటమిన్ కె1 తో బ్రదికించుటకు వీలు కలదు. అందుచేత డబ్బాను పాఱవేయక, చూరులో నైనను దాచి యుంచుడు.